బీపీ అంటే గుస్సా కాదు

మన ఇళ్ళల్లో బీపీ అనే మాటకు మతలబే మారిపోయింది. అబ్బా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, 'ఉన్‌కా బీపీ బఢ్ గయా' అంటాం. గుస్సా ఉన్నవాళ్ళకే బీపీ వస్తుందని, సబర్ ఉన్నవాళ్ళకు ఏమీ కాదని పక్కాగా నమ్ముతాం. ఈ నమ్మకం చాలా ఖతర్నాక్.

గౌలిగూడలో ఉండే మా ఖాలా జిందగీలో ఎవరి మీదా గొంతు పెంచలేదు. ఖాలూకి షుగర్ అని నెలనెలా టెస్టులు చేయించేది. ఆయన రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టి అల్మారాలో దాచేది. ఆ కవర్లో తన పేరుతో ఒక్క కాగితం కూడా లేదు. ఎవరైనా అడిగితే 'మేరేకు క్యా హువా? మై అచ్ఛీచ్ హూఁ' అనేది. ఒకరోజు ఫజర్‌కి వజూ చేస్తుంటే కుడి చెయ్యి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. ఫాలిజ్! దవాఖానాలో చూస్తే పై నంబరు 200 దాటింది. అల్‌హందులిల్లాహ్, ప్రాణం దక్కింది. ఇప్పుడు తస్బీహ్ ఎడమ చేత్తో తిప్పుతోంది.

ఆ గౌలిగూడలోని పాత బస్టాండు మీలో చాలామందికి యాద్ ఉండే ఉంటుంది. నిజాం జమానాలో విమానాల కోసం తెప్పించిన ఇనుప షెడ్డు అది. 2018 జూలై 5న కుప్పకూలింది. ప్రమాదం పసిగట్టి ముందే ఖాళీ చేయించారు కాబట్టి ఒక్క ప్రాణమూ పోలేదు. చూసేవాళ్ళకు ఆ షెడ్డు ముందే ఇషారా ఇచ్చింది. మన రక్తనాళాలు చాలాసార్లు ఆ ఇషారా కూడా ఇవ్వవు. ఏ తక్లీఫ్ లేకుండానే ఏళ్ళ తరబడి దిల్, దిమాగ్, గుర్దాలు దెబ్బతింటూ ఉంటాయి. ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ళ మధ్య 128 కోట్ల మందికి బీపీ ఉందని, అందులో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

కాబట్టి 'నాకు బాగానే ఉంది' అనేది జవాబు కాదు. జవాబు చెప్పేది మిషనే. ముప్ఫై దాటినవాళ్ళు ఏడాదికొకసారైనా చూపించుకోవాలి. బస్తీ దవాఖానాలో పైసా ఖర్చు లేదు. వెళ్ళగానే కాదు, ఐదు నిమిషాలు ఖామోష్‌గా కూర్చున్నాక చూడమనండి. అంతకు అరగంట ముందు నుంచి చాయ్, సిగరెట్ వద్దు. బురఖా చేతి మీద నుంచే పట్టీ చుడితే నంబరు సరిగా రాదు. శరమ్ అనిపిస్తే నర్సమ్మను అడగండి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా ఆ పైన వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇక గోలీల సంగతి. నంబరు తగ్గిందని గోలీ మానేస్తారు చాలామంది. తగ్గిందంటే గోలీ పనిచేస్తోందని అర్థం! రోజాలకు ముందే డాక్టర్‌ను కలిసి, ఏ గోలీ సెహ్రీకి వేసుకోవాలో, ఏది ఇఫ్తార్‌కో అడిగి రాయించుకోండి. దస్తర్ఖాన్ మీద అచార్, పాపడ్ తగ్గించండి. రోజు మొత్తానికి ఒక మనిషికి ఒక చాయ్ చెంచా నమక్ కంటే తక్కువే చాలు.

ఈ జుమా లోపు ఇంట్లో అందరికీ బీపీ చూపించండి. గుస్సా చేసే అబ్బాతో కాదు, ఎప్పుడూ 'మై అచ్ఛీచ్ హూఁ' అనే అమ్మీతో మొదలుపెట్టండి.