అచ్చంపేట టు ఏటికొప్పాక: చెక్క లాంతరు కోసం

పల్నాడు అచ్చంపేటలో తాతల కాలపు లాంతరంటే కిరసనాయిలు, గాజు చిమ్నీ, మసి. అదే ఆకారంలో చెక్క ల్యాంపు హాల్లో పెట్టుకోవాలనుందా? బెజవాడ వెళ్లి రైలెక్కి, యలమంచిలిలో దిగండి. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక అక్కడికి దగ్గరే. అక్కడ అంకుడు కర్రని లేతు మీద గిర్రున తిప్పుతూ రంగు లక్క అద్దుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పసుపు రంగు పసుపుకొమ్ముల నుంచి, నారింజ జాఫ్రా గింజల నుంచి వస్తాయి. ఈ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

లాంతరు మోడల్ చేసిస్తారేమో అడిగి చూడండి. వేడికి కరిగే లక్క కదా, లోపల ఒత్తి వెలిగించొద్దు, చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు. అన్నట్టు, అంకుడు కర్ర దొరకడమే ఇప్పుడు వాళ్లకి కష్టంగా ఉంది. బేరమాడే ముందు అది గుర్తుంచుకోండి.