విరిగిన బోల్టు, నాయిన చేతి చదువు

పోయిన ఆదివారం ముచ్చట రాయలేకపోయిన. కుడిచేతి బొటనవేలు కమిలిపోయి ఫోన్‌ల అక్షరాలు కొట్టరాలేదు. దెబ్బ ఎట్ల తాకిందని అడిగినోళ్లకు సగమే చెప్పిన. మొత్తం ఇయ్యాల చెప్త.

మేముండేది కొండాపూర్‌ల, బొటానికల్ గార్డెన్ దిక్కు, మూడో అంతస్తుల కిరాయికి. రెండేండ్ల కింద ఓ పాత చిన్నకారు కొన్న. నెలకు రెండుసార్లు అమ్మను దవాఖానకు తీస్కపోయేది దాంట్లనే. ఈ మధ్య కొత్తగూడ చౌరస్తల ట్రాఫిక్‌కు ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు పైకి లేస్తున్నది. సెల్లార్‌ల బండి కింద పచ్చటి కూలెంట్ చుక్కలు. చూస్తే థర్మోస్టాట్ మూత కాడ గాస్కెట్ పోయింది. ఆ మూతకు రెండే బోల్టులు. వీడియోల చూసిన, పావుగంట పని. తెలుగు సాహిత్యంల పీహెచ్‌డీ చేసినోనికి రెండు బోల్టులు ఇప్పరాదా అనుకున్న.

మొదటిది వచ్చింది. రెండోది కదల్లే. పానాకు ఇనుప పైపు తొడిగి గుంజిన. టక్కుమన్నది. పానా జారి వేలు పోయి ఇంజన్‌కు కొట్టుకున్నది. బోల్టు తల కింద పడ్డది. మిగిలిన ముక్క సిలిండర్ హెడ్‌ల, అంచుకు సమానంగ తెగి ఉండిపోయింది. పట్టుకుందామంటే గోరంత కూడ బయటికి లేదు.

ఫోటో తీసి ఓ సర్వీస్ సెంటర్‌ల చూపెట్టిన. "హెడ్ దించాలె సార్. అప్పటికీ రాకపోతే హెడ్డే మార్చాలె" అన్నరు. వాళ్లు చెప్పిన లెక్క నా నెల జీతానికి దగ్గర్ల ఉన్నది. నేను కాంట్రాక్టు లెక్చరర్‌ను. ఆ జీతం కూడ ప్రతి నెల టైముకు రాదు.

అప్పుడు నాయినకు ఫోన్ చేసిన.

నిజానికి మొదలే చెయ్యాలె. నాయిన బాలానగర్‌ల ముప్పై ఏండ్లు లేత్ షెడ్లల్ల టర్నర్ పని చేసిండు. కేంద్ర ప్రభుత్వం 1968ల టూల్ డిజైన్ సంస్థ పెట్టింది ఆ బాలానగర్‌లనే. నాయిన రోజూ దాని ముంగటి నుంచే సైకిల్ మీద పోయేటోడు. ఒక్కరోజు లోపలికి పోలే. ఆయన నేర్చుకున్నదంత షెడ్లల్ల, తిట్లు పడుకుంట నేర్చుకున్నదే.

ఆరో తరగతిల ఉన్నప్పుడు నాయినకు సద్ది ఇయ్యపోయి, లేత్ కింద మెరుస్తున్న ఇనుప పొట్టును చేతిల పట్టుకున్న. చెయ్యి మీద ఒక్కటి కొట్టిండు. "ఈ నూనె నీ చేతికి అంటొద్దు బిడ్డా. నువ్వు పెన్ను పట్టు" అన్నడు. అప్పటిసంది నేను పానా ముట్టలే.

అంబేద్కర్ 1936ల 'కుల నిర్మూలన'ల చెప్పిన సంగతి నేను ప్రతి ఏడాది క్లాసుల చెప్త. కులం పనిని పంచుడుతోటి ఆగదు, పనిచేసే మనుషులనే ఒకరికొకరు కాకుంట చేస్తది అని. మా ఇంట్ల అది ప్రేమతోటే జరిగింది. ఆ పని చేసేటోనికి లోకం ఇచ్చే విలువ నాయినకు ఎరుకే, అందుకే నన్ను తప్పించిండు. కని నేను పని నుంచే కాదు, ఆయన నుంచి కూడ కొంచెం తప్పుకున్న. పీహెచ్‌డీ అప్లికేషన్‌ల 'తండ్రి వృత్తి' కాడ 'ప్రైవేటు ఉద్యోగం' అని రాసిన.

శుక్రవారం పొద్దుమూకి బస్సుల వచ్చిండు. చేతిల ఓ పాలపొడి డబ్బా, దాని నిండ బిట్లు, ట్యాపులు. ఒక కన్నుకు ఆపరేషన్ అయింది, చేతులు వణుకుతయి. "నేను చెప్త, నువ్వు చెయ్యి" అన్నడు.

ముందుగాల విరిగిన జాగను వేలితోటి తడిమిండు. "చూసినవా, సున్నం లెక్క తెల్లగ? బోల్టు ఇనుముది, హెడ్ అల్యూమినియంది. రెండిటి నడుమ నీళ్లు చేరితే అల్యూమినియం తుప్పు పడతది. ఆ తుప్పు ఉబ్బి బోల్టును పట్టేస్తది. జోరు చేస్తే ఆ పట్టు పోదు, బోల్టే పోతది."

కూలెంట్ బొక్కల పొట్టు పడకుంట గుడ్డ కుక్కిపిచ్చిండు. తుప్పు వదిలించే నూనె కొట్టి, సన్నగ తట్టి, రాత్రంత అట్లనే ఉంచుమన్నడు. తెల్లారి శనివారం పని మొదలువెట్టినం. మొండి బోల్టు మొఖాన్ని ఆకురాయితోటి చదును చేసినం. ఆ తర్వాత సెంటర్ పంచ్ పెట్టి కొట్టుడు. మూడుసార్లు పెట్టిన, మూడుసార్లు వద్దన్నడు. "నడుమ దొరకకపోతే డ్రిల్ ముట్టకు. ఇనుము గట్టిది, అల్యూమినియం మెత్తది. బిట్టు ఎప్పుడూ మెత్తటి దిక్కే జారుతది. ఒక్కసారి జారిందంటే హెడ్‌ల చూడీలు పోతయి." బోల్టు మీది మరలను హైదరాబాద్ మెకానిక్కులు చూడీలనే అంటరు. నాలుగోసారి సరే అన్నడు.

మూడు ఎం.ఎం. బిట్టుతోటి, నూనె చుక్కలు వేసుకుంట, నెమ్మదిగ బొక్క తీసిన. ఈజీ ఔట్ పెడదామా అన్న, వీడియోల చూసిన కదా. నాయిన నవ్విండు. "అది పేరుకే ఈజీ. బాగ గట్టి ఉక్కు. లోపల విరిగితే మామూలు బిట్టు దాన్ని కొయ్యదు. అప్పుడు నిజంగనే హెడ్ దించాలె."

నూనెంత తుడిచి, రబ్బరు పైపులు పక్కకు తీసి, పక్కన తడిగుడ్డలు కప్పి, బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని చిన్న టార్చితోటి వేడి చేసినం. అదే వేడికి అల్యూమినియం ఇనుము కన్న దాదాపు రెండింతలు వ్యాకోచిస్తది. అంటే బొక్క పెద్దగై, పట్టు సడలుతది. రెండుసార్లు వేడి చేసి చల్లారనిచ్చినం. తర్వాత డబ్బాల నుంచి ఓ బిట్టు తీసిండు, గాడులు ఉల్టా తిరిగి ఉన్నయి. "ఎడమ బిట్టు. డ్రిల్ రివర్స్‌ల పెట్టు. కోసే దిక్కు, బోల్టు ఊడే దిక్కు ఒక్కటే అయితది."

ఐదు ఎం.ఎం. ఎడమ బిట్టు లోపలికి కొంత పోయి ఆగింది. కరుసుకున్నది. నేను భయపడి చెయ్యి తియ్యబోయిన. "ఆపకు" అన్నడు. మొండి ముక్క మెల్లగ తిరుక్కుంట బిట్టుతోటే బయటికొచ్చింది. నేను అరిచిన. నాయిన ఆ ముక్కను అరచేతిల పెట్టుకొని చూడీలు చూసుకుంట ఉన్నడు.

విరిగింది తీసుడు సగం పనే. ట్యాప్‌తోటి పాత చూడీలు శుభ్రం చేసినం. సగం చుట్టు ముందటికి, పావు చుట్టు ఎనకకు. కొత్త బోల్టుకు హార్డ్‌వేర్ షాపుకు పోయినం. "ఎనిమిది ఎం.ఎం., 1.25 పిచ్, 8.8" అని నాయిన ఒక్క ముక్కల చెప్పిండు. తలమీద 8.8 అని ఉంటే, 800 మెగాపాస్కల్స్ ఒత్తిడి దాక తెగదు, దాంట్ల 80 శాతం దాక గుంజినా మళ్లీ తన పొడుగుకు వస్తది అని లెక్క. ఇంగ్లండ్‌ల విట్‌వర్త్ 1841ల మరలకు ఒక కొలత ప్రతిపాదించేదాక ఒక షాపు నట్టు ఇంకో షాపు బోల్టుకు ఎక్కేది కాదు. ఇప్పుడు ఏ దేశంల చేసిన బోల్టైనా కొండాపూర్ కారుకు ఎక్కుతది. నాయినకు విట్‌వర్త్ పేరు తెల్వదు. ఆయన కొలత మాత్రం వేలికొసలల్ల ఉన్నది.

కొత్త గాస్కెట్ పెట్టి, చూడీలకు కొద్దిగ యాంటీ సీజ్ పేస్టు రాసి, ముందుగాల వేళ్లతోటే బోల్టులు ఎక్కించినం. "వేళ్లతోటి పోకపోతే పానాతోటి తోయొద్దు, చూడీ తప్పిందని అర్థం." అటొకసారి ఇటొకసారి సమానంగ బిగించి, చివరికి తెలిసినోళ్ల కాడ తెచ్చిన టార్క్ రెంచ్‌తోటి, మాన్యువల్‌ల రాసినంతనే ఆపిన. బోల్టు బిగిసినప్పుడు స్ప్రింగు లెక్క సన్నగ సాగుతది, ఆ సాగుడే మూతను పట్టుకుంటది. సాగే జాగ దాటితే మల్ల మొన్నటి కథనే.

కూలెంట్ నింపి, గాలి తీసి, అరగంట ఇంజన్ నడిపిచ్చినం. ముల్లు నడుమనే ఉన్నది. ఒక్క చుక్క కారలే.

పైకి పోదామని లిఫ్ట్ కాడికి వచ్చినం. ఇద్దరి చేతులూ నల్లగ. లిఫ్ట్ పక్కన బోర్డు: 'పనివాళ్లు, డెలివరీ వాళ్లు ఈ లిఫ్ట్ వాడరాదు.' రెండేండ్ల నుంచి నేను రోజూ చూస్తున్న బోర్డే. నాయిన కూడబలుక్కొని చదివి, మెట్ల దిక్కు తిరిగిండు.

"నాయినా, ఇటు రా" అని మీట నొక్కిన.

లిఫ్ట్‌ల ఐదో అంతస్తు మేడమ్ ఉన్నది. మా చేతులు చూసి జరిగి నిలబడ్డది. ఓ నిమిషం ఆగి, "సార్, ఈ మెకానిక్ మంచిగ చేస్తడా? మా బండి కూడ కారుతున్నది" అన్నది.

"మా నాయిన, మేడమ్" అన్న. "బాలానగర్‌ల టర్నర్ పని చేసిండు. ముప్పై ఏండ్లు."

ఆమెకు ఏమనాల్నో తోచలే. నాయిన నా దిక్కు చూడనే లేదు. ఆమెనే అడిగిండు.

"ఏం బండమ్మా? ఎక్కడ కారుతున్నది?"