తస్బీహ్‌లో ఐదు దానాలు

"మామూ, మీ ఉర్దూతో ఒక పని పడింది" అని మా భాంజా ఫోన్ చేసినప్పుడు ఎవరిదో నికాహ్‌నామా కాబోలు అనుకున్నాను. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, తెలుగు పత్రికలో బతుకుతున్న నాకు మా ఖాందాన్‌లో ఉన్న గిరాకీ అంతే. తీరా వెళ్తే వాడు నా ముందు పెట్టింది రేస్ కారు రూల్ బుక్. అంతా ఇంగ్లిష్. లావుపాటి పుస్తకం.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది చూడండి, ఆ రోజు అంటుకుంది వాడికి ఈ జ్వరం. మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. క్లాసు పిల్లలు ఇరవై మంది కలిసి ఫార్ములా భారత్‌కి కారు కట్టారు. కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే పోటీ అది. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు తాము తయారుచేసిన ఒంటి సీటు కార్లు తెస్తారు. కొన్ని జట్ల వెనక కంపెనీల పైసలుంటాయి. వీళ్ల వెనక అమ్మీలు బియ్యం డబ్బాలో దాచిన నోట్లున్నాయి. తలా 15 వేలు. ఇంజన్ ఎవరో నడిపి అమ్మేసిన కేటీఎం 390 బైకుది. స్టీరింగ్ ర్యాక్ మారుతి 800ది. మిగతా సామాను జుమ్మెరాత్ బజార్‌లో, పుత్లీబౌలీ దుకాణాల్లో బేరమాడి తెచ్చింది.

చవక కారంటే చిన్నచూపు అక్కర్లేదు. ఆ ట్రాక్‌కి పేరు వచ్చిన ఎస్. కరివర్ధన్ చేసిన పని కూడా అదే. 1980ల చివర్లో మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి అనే చవక రేస్ కారు తయారుచేశారాయన. నారాయణ్ కార్తికేయన్ కుర్రతనంలో రేసులాడింది ఆ కార్లలోనే. కరివర్ధన్ సాబ్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు.

ఫ్రేమ్ వెల్డింగ్ బహదూర్‌పురా గల్లీలో ఒక ఉస్తాద్ కారఖానాలో. ట్రాలీ ఆటోల బాడీలు, ఇళ్ల గేట్లు చేసే మనిషి. నలభై ఏళ్ల చేయి. పిల్లలు ఇంగ్లిష్ పుస్తకం చూసి నోటితో చెబితే ఆయన వినడు. "కాగజ్ దిఖావ్ మియా, లిఖా హువా" అంటాడు. ఆయన చదివేది ఉర్దూ ఒక్కటే. అందుకని నేను.

మూడు రాత్రులు పట్టింది. రేసుకి ముందు జరిగే పరీక్షకి ముఆయినా అని రాశాను. డాక్టర్ చేసేది కూడా అదే కదా. (మన తెలుగు "తనిఖీ" ఉర్దూ తన్‌ఖీహ్ నుంచి వచ్చిందే. ఈ మాట మా ఆఫీసులో చెబితే ఒకాయన నమ్మలేదు.) డ్రైవర్ తల వెనక నిలబడే పెద్ద గొట్టానికి "బడీ కమాన్" అని పెట్టాను. చార్‌కమాన్ మీదుగా రోజూ తిరిగే ఉస్తాద్‌కి ఇంక వేరే వివరణ అక్కర్లేకపోయింది. కారు తిరగబడితే తలకీ నేలకీ మధ్య నిలబడేది ఆ కమానే. గొట్టం గోడ కనీసం 2 మిల్లీమీటర్ల మందం ఉండాలి. మొత్తం ఒకే గొట్టం, మధ్యలో అతుకు ఉండకూడదు. వంపు దగ్గర ముడత పడకూడదు. మందం కొలవడానికి చిన్న రంధ్రం వేయమంటే వేయాలి.

ఆ రంధ్రం దగ్గర ఉస్తాద్ ఆగిపోయాడు. "నా పైపు మీద షక్కా?"

"షక్ మీ మీద కాదు ఉస్తాద్, పైపు మీద. బయటి నుంచి ఎంత పలచనో కంటికి తెలియదు కదా" అన్నాను.

ఆయన నవ్వలేదు. ముడత గురించిన లైన్ రెండోసారి చదవమన్నాడు. చదివాను. ఏమీ అనకుండా చాయ్ తెప్పించాడు. మర్నాడు పొద్దున పిల్లలు వెళ్లేసరికి కమాన్ లేదు. రాత్రే కోసేశాడు. పాత పద్ధతిలో ఇసుక నింపి, వేడిచేసి వంచాడట. లోపలి వైపు సన్నటి ముడత పడితే గ్రైండర్ పట్టి రంగు వేశాడు. ఇరవై మంది కాబోయే ఇంజనీర్లలో ఒక్కడు కనిపెట్టలేదు. కొత్త పైపు బాలానగర్ తీసుకెళ్లి మెషీన్ మీద వంపించారు. ఆ ఖర్చు ఉస్తాద్ తానే పెట్టుకున్నాడు, ఎంతైందో ఇప్పటికీ చెప్పడు.

ఇక బెల్టుల పంచాయితీ. జుమ్మెరాత్ బజార్‌లో ఏదో విదేశీ కారుది రేసు బెల్టు సస్తాగా దొరికిందని పిల్లలు ఎగిరారు. దాని మీది లేబుల్‌లో తారీఖు ఎప్పుడో దాటిపోయింది. అప్పుడు వాళ్లకి అమెరికా ముచ్చట చెప్పాను. అక్కడ 2006లో లెమన్స్ అని ఒక రేసు మొదలైంది, 500 డాలర్లకు మించని డొక్కు కార్లకే ప్రవేశం. కానీ బ్రేకులు, బెల్టు, సీటు, గొట్టాల పంజరం ఆ 500 లెక్కలోకి రావు. వాటి మీద ఎంతైనా పెట్టుకోవచ్చు. పిల్లలు విన్నారు. కొత్త బెల్టు కోసం ఇంకోసారి తలా రెండు వేలు వేసుకున్నారు. ఒకడు తన ఫోన్ అమ్మాడు.

ఇదంతా మా ఆపాకి తెలియదు. ఆమె దగ్గర మేం రేసు మాట ఎత్తేవాళ్లం కాదు. దుల్హాభాయ్ ట్రాలీ ఆటో నడిపేవారు. పద్నాలుగేళ్ల కింద ఫలక్‌నుమా వంతెన దిగుతుంటే బ్రేకు పడలేదు. బ్రేకు పైపు కారుతోందని ఆయనకి వారం ముందే తెలుసు. టేపు చుట్టి, "కల్ బద్లాతూఁ" అని రోజూ అనేవారు. గుద్దిన తర్వాత కూడా ప్రాణం ఉంది. నలిగిన క్యాబిన్‌లోంచి బయటికి తీయడానికే ఆలస్యమైంది. ఆ "ఆలస్యం" ఎంతో ఆపా మమ్మల్ని చాలాసార్లు అడిగింది. ఎవరం చెప్పలేదు.

చివరికి భాంజాయే బయటపెట్టాడు. కారు ఎంత భద్రమో అమ్మీకి చూపిద్దామని వీడియో పెట్టాడు, తెలివితక్కువ వెధవ. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్ కారు కంచెని చీల్చుకుని మండిపోవడం, మంటల్లోంచి ఆయన నడిచి రావడం. ఆపా చివరిదాకా చూసింది. "ఎన్ని సెకన్లు?" అంది. దాదాపు అర నిమిషం అన్నాడు వాడు.

"మీ దాంట్లో?"

"5 లోపల దిగాలి అమ్మీ, రూల్. పూర్తి డ్రెస్, హెల్మెట్, గ్లోవ్స్, బెల్టు పెట్టుకుని, చేతులు స్టీరింగ్ మీద ఉంచి. రెండు కాళ్లూ నేల మీద పడేదాకా లెక్క."

"నేను చూడాలి."

కారఖానాకి ఆమెని ఆటోలో తీసుకెళ్లాను. గోరింటాకు రంగు బురఖా, చేతిలో తస్బీహ్. ఉస్తాద్ స్టూలు వేశాడు, ఆమె కూర్చోలేదు. పిల్లలు స్టాప్ వాచ్ తీస్తే వద్దంది. సుబ్హానల్లాహ్ అని ఒక్కో దానా జరుపుతూ తనే లెక్కపెట్టింది. మొదటిసారి తొమ్మిది దానాలు. స్టీరింగ్ ఊడి రాలేదు. రెండోసారి ఎనిమిది, బెల్టు మోచేతికి చుట్టుకుంది. వాడు చెమటతో తడిసి, "అమ్మీ, అల్లా మాలిక్ హై" అన్నాడు.

"అల్లా మాలికే. ఒంటెని కట్టి తవక్కుల్ చేయమన్న హదీస్ ఖుత్బాలో అందరూ వింటారు. తాడు ఎలా ఉందో ఎవరూ చూడరు. మళ్లీ ఎక్కు."

ఆ మధ్యాహ్నం వాడు ఇరవై సార్లకు పైనే ఎక్కి దిగాడు. ఉస్తాద్ స్టీరింగ్ లాక్‌ని అరగదీసి నూనె పెట్టాడు. సీటు పక్క రేకు వాడి తొడకి తగులుతోందని ఆపాయే చూసింది, ఆయన అక్కడే మడిచి కొట్టాడు. అసర్ అజాన్ అయ్యేసరికి ఐదు దానాలు. ఆమె ఒప్పుకోలేదు. ఐదు లోపల అన్నావు కదా, ఐదు కాదు అంది.

కోయంబత్తూరుకి ఉస్తాద్ కూడా రైలెక్కాడు. ముఆయినా జరిగే చోటికి ఆయన్ని పోనివ్వరు, తాడు అవతల నిలబడ్డాడు. కమాన్ రంధ్రంలో కొలిచారు, సరిపోయింది. పెడల్ దగ్గర ఒక బోల్టుకి నట్టు దాటి రెండు చుట్లు మర కనిపించాలి, కనిపించలేదు. బండిని వెనక్కి పంపారు. ఆ నట్టు బిగించింది ఎవరో కాదు, మా భాంజా. వంచే బల్ల మీద కారుని 60 డిగ్రీలు పక్కకి వంచితే పడలేదు, చుక్క కారలేదు. బ్రేకు పరీక్షలో నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకోవాలి. ముందు కుడి చక్రం తిరుగుతూనే ఉంది. రాత్రంతా గొట్టాల్లో గాలి తీసి, మర్నాడు మూడోసారికి బిగుసుకుంది. ఆఖరి స్టిక్కర్ అతికించినప్పుడు ఉస్తాద్ తాడు అవతలి నుంచి ఫోన్ చేసి నాకు వినిపించింది పిల్లల కేకలే, ఆయన ఏమన్నాడో అర్థం కాలేదు.

22 కిలోమీటర్ల రేసులో సగం దాటకుండానే చైన్ తెగింది. ఇంటికి వచ్చిన వాడి ముఖం వేలాడుతోంది. ఆపా రేసు సంగతి అడగలేదు.

"కిత్తే మేఁ ఉత్రా?"

"4.2, అమ్మీ."

తస్బీహ్ దిండు కింద పెట్టి, దాల్చా వేడిచేయడానికి లేచింది.