నాలుగు పుట్ల బరువు... ఒక్క పిన్ను!

నెల్లూరులో పెన్నా వంతెన దాటి కోవూరు చేరితే, అక్కడి నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు విడవలూరుకి తీసుకెళ్తుంది. ముందు వరి చేలు, ఇంకాస్త పోతే రొయ్యల గుంటలు, వాటిలో గిరగిరా తిరిగే ఏరేటర్లు, ఆ చివర బంగాళాఖాతం. ఈ దారిన వచ్చే కుర్రకారులో ఎక్కువమంది రామతీర్థం బీచ్‌కే పోతారు. కామాక్షీ సమేత రామలింగేశ్వరస్వామి దర్శనం, కెరటాల్లో నాలుగు సెల్ఫీలు, తిరుగు ప్రయాణం. కానీ కోతల టైమ్‌లో వస్తే, ఈ రోడ్డు మీదే చూడాల్సిన ఇంకో సంగతి ఉంది. అది మీ బండి ముందు నెమ్మదిగా పోయే ట్రాక్టర్!

నెల్లూరు వైపు వానలు ఎక్కువగా పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అందుకే పెద్ద పంట ఎండాకాలం మొదట్లో చేతికొస్తుంది. ఇక్కడ వడ్లని బస్తాల్లో కాదు, పుట్లలో లెక్కేస్తారు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ట్రాలీలో నాలుగు పుట్లు వేశారంటే 3,400 కిలోలు. అంత బరువునీ ట్రాక్టర్‌కి కలిపి ఉంచేది ఏంటో తెలుసా? మణికట్టంత కూడా లావు లేని ఒక ఇనప పిన్ను!

రెండు చక్రాల ట్రాలీ అయితే బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. కొంత ఆ పిన్ను దగ్గర ట్రాక్టర్ వెనక భాగాన్ని కిందికి నొక్కుతుంది. వెనక నొక్కుకుంటే ముందు తేలిపోతుంది. ముందు చక్రాలు తేలిగ్గా ఉంటే స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు. కొన్ని ట్రాక్టర్ల ముక్కుకి ఇనప దిమ్మలు తగిలించి ఉంటాయి, గమనించారా? అవి సోకు కోసం కాదు, ముందు చక్రాలని నేల మీద ఉంచడానికి.

ఈ లెక్క మన తాతలకి కొత్తేం కాదు. ఎద్దుల బండికి లోడు వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకి పట్టెడలు బిగుసుకుంటాయి. ముందు ఎక్కువైతే మెడల మీద కూర్చుంటుంది. అందుకే బండి తోలేవాడు బరువంతా ఇరుసు దగ్గర ఉండేలా సర్ది, రవ్వంత మాత్రం ముందుకి మొగ్గేలా చూసేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు తనే ముందుకి జరిగి కూర్చునేవాడు.

ఇదే తెలివి ఇప్పుడు అమెరికా హైవేల మీద కనిపిస్తుంది. మన దగ్గర కారవాన్ అనగానే సినిమావాళ్ల ఏసీ బస్సు గుర్తొస్తుంది. దానికి సొంత ఇంజన్ ఉంటుంది. అక్కడ డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్‌కి అద్దెకు తెచ్చుకునే వాటిలో చాలా రకాలకి ఇంజన్ ఉండదు. పికప్ ట్రక్కు వెనక తగిలించి లాగాలి. మంచాలు, వంటగది, బాత్రూమ్ అన్నీ లోపలే. అక్కడి లెక్క ప్రకారం ఆ కారవాన్ బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి. 3,000 కిలోల కారవాన్ అయితే 300 నుంచి 450 కిలోలు. అంటే దాదాపు అరపుట్టి వడ్లు తెచ్చి పికప్ వెనక బంపర్ మీద పెట్టినట్టే!

పోనీ ఆ బరువు తగ్గిద్దామా అంటే కుదరదు. హుక్కు మీద బరువు మరీ తక్కువైతే, స్పీడ్ పెరిగే కొద్దీ కారవాన్ తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు ముదిరితే లాగే బండిని కూడా పడేస్తుంది. తగ్గించకూడదు, ఉంచితే వెనక కుంగుతుంది. ఈ చిక్కుకి విరుగుడే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్.

దీనికి రెండు స్ప్రింగ్ కడ్డీలు ఉంటాయి. ఒక చివర హుక్కు తలకి, రెండో చివర కారవాన్ ఫ్రేమ్‌కి గొలుసులతో గట్టిగా బిగిస్తారు. ఒంటి చక్రం తోపుడు బండి పిడులు రెండూ పట్టుకుని పైకి లేపితే బరువు ముందు చక్రం మీదకి పోతుంది కదా, ఆ కడ్డీలు చేసే పనీ అదే. వెనక ఇరుసు మీది భారంలో కొంత పికప్ ముందు చక్రాలకి, కొంత కారవాన్ చక్రాలకి పంచుతాయి.

సరిగ్గా బిగించామో లేదో తెలుసుకోడానికి టేపు చాలు. కారవాన్ తగిలించకముందు ముందు చక్రం పైనుండే మడ్‌గార్డు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. తగిలించాక ఎంత లేచిందో చూడాలి. కడ్డీలు బిగించాక మళ్లీ కొలిస్తే ఆ లేచింది చాలావరకు దిగి ఉండాలి. ఎంత దిగాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది.

అయితే ఒకటి. ఈ హిచ్ బరువుని పంచుతుందే గానీ తగ్గించదు. కంపెనీ చెప్పిన లిమిట్‌ని పెంచదు. సామానంతా వెనక కుక్కేసి, హిచ్ ఉందిలే అనుకుంటే ఊగడం ఆగదు.

మన ట్రాలీలకి ఈ కడ్డీలు ఉండవు. లోడు సర్దే చెయ్యే మనకి హిచ్. ఆ చెయ్యి ఎంత బాగా సర్దినా మనుషుల్ని ఎక్కిస్తే లెక్క తప్పుతుంది. బస్తా కదలదు, మనుషులు కదులుతారు. మలుపులో అందరూ ఒక పక్కకి ఒరిగితే ట్రాలీ కూడా ఒరుగుతుంది. పట్టుకోడానికి సీటు ఉండదు, బెల్టు ఉండదు. 2018 జూన్ 24న తెలంగాణలోని యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టర్ మూసీ కాలవలో పడి 15 మంది చనిపోయారు. పెన్నా డెల్టాలోనూ రోడ్డు పక్కనే కాలవలు ఉన్న దారులు చాలా ఉన్నాయి.

కాబట్టి ఈసారి విడవలూరు వైపు బైక్ మీద వెళ్తే ట్రాలీ వెనక అంటుకుని పోకండి. చీకటి పడితే ఇంకా దూరం ఉంచండి, వెనక లైట్ లేనివి చాలానే ఉంటాయి. మీ ఇంట్లోనే ట్రాక్టర్ ఉంటే బయల్దేరేముందు మూడు చూడండి. పిన్ను జారకుండా క్లిప్పు పడిందా? పిన్ను విరిగినా ట్రాలీ విడిపోకుండా గొలుసు ఉందా? బరువు ఇరుసు మీద ఉందా? ఇక పక్కింటి అత్త, పిల్లలు "బీచ్ దాకా ట్రాలీలో వస్తాం" అంటే ఆటో పిలవండి.