బత్తా లేని పదవి

జూన్ 14, 2025

మృగశిర సగం గడిచింది, పదును లేదు. చెన్నేకొత్తపల్లి పక్క పల్లెల్లో విత్తనం బుడ్డలు (వేరుశనగ) వలిచి గంపల్లో పోసుకుని ఆకాశం చూస్తున్నారు. పని లేని సాయంత్రాలు కాబట్టి పంచాయితీలకు తీరిక దొరికింది. అక్క (మా పెద్దమ్మ కూతురు, పొదుపు సంఘం లీడరు) వాకిట్లో నలుగురు లీడర్లు చేరారు. మండలం మీటింగుకు పోయిరావడానికి సంఘం బస్సు చార్జీ ఇస్తుంది. ఆ రోజు పోయిన కూలి ఎవరిస్తారు అన్నది తగువు.

"సేవ అన్నంక కూలేంటికి?" అన్నది ఒకామె.

"నీ కొడుకు బెంగళూరులో సంపాదిస్తాడు, నువ్వు సేవ చేస్తావు. నేను ఒక్క పూట పని ఇడిస్తే సంగటికి పిండి ఉండదమ్మా" అన్నది ఇంకొకామె.

ఉపాధి హామీ కూలి ఈ ఏడాది 307 రూపాయలు. వాన పడి కలుపు మొదలైతే అంతకన్నా ఎక్కువే గిడుతుంది. నెలకు రెండు మీటింగులు, ఒక రోజు బ్యాంకు, కంతు కట్టని ఇళ్ల చుట్టూ తిరిగే రాత్రులు. రాత్రులకు లెక్క లేదనుకున్నా, పగళ్ల మట్టుకే తొమ్మిది వందలు దాటుతుంది. నేను మూడో తరగతి పిల్లాడిలా వేళ్లు మడిచి లెక్క చెబితే అక్క నవ్వింది. "ఇంత లెక్క మేం ఎప్పుడూ ఎయ్యలేదప్పా. ఏసుంటే ఎవురూ లీడరయ్యేవాళ్లు కాదు."

జూన్ 15

సంఘం పుస్తకాలు చూశాను. పాస్‌బుక్కులు, లెక్కల పుస్తకం, తీర్మానాల పుస్తకం. చివరిదే చదవాల్సింది. "ఫలానామె కూతురి కాన్పుకు అయిదు వేలు, అందరి సమ్మతితో." కింద సంతకాలు, మధ్యలో రెండు వేలిముద్రలు. ఎంత ఇచ్చారో రాశారు గాని ఎంత అడిగిందో రాయలేదు. అడిగింది పది వేలట. ఆ మిగతా అయిదు వేలకు "లేదు" అని చెప్పినామె రేపు అదే కుళాయి దగ్గర అదే ఇంటామె వెనక బిందె పెట్టుకుని నిలబడాలి. ఏ శిక్షణలోనూ నేర్పని విద్య ఇది. ఊరంతా చుట్టాలైన చోట కాదనడానికి గుండె కావాలి.

జూన్ 19. అనంతపురం

ఫాదర్ ఫెర్రర్ పోయి పదహారేళ్లు. ఈ జిల్లాలో ఆయన ఫొటో లేని కాలనీని వెదకాలి. దేవుడి పటాల వరుసలోనే, కాస్త పక్కగా, కుంకుమబొట్టుతో. బార్సిలోనాలో 1920లో పుట్టి, 1952లో జెస్యూట్‌గా మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడులో రైతుల కోసం పనిచేసిన మనిషి. 1968లో ప్రభుత్వం వెళ్లిపొమ్మంటే ఆయన్ను పంపొద్దని వేల మంది రైతులు నడిచారు. మరుసటేడు ఈ కరువు నేలకు వచ్చాడు. చర్చి పదవి వదిలి 1970లో ఆన్ పెర్రీని పెళ్లాడాడు. ఇద్దరూ కలిసి నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును ఇక్కడ ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. ఆర్డీటీ. బావులు, బడులు, ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి. కోవిడ్ వచ్చిన 2020లో ఆ ఆసుపత్రే కోవిడ్ ఆసుపత్రి అయ్యింది.

ఈ ఏడాది వాతావరణం వేరు. విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, పునరుద్ధరణ కాక ఆగిపోయింది. ఊళ్ల నుంచి జనం ర్యాలీలకు వస్తున్నారు. మన్మాడు సంగతి తెలిసినవాళ్లకు పోలిక తట్టక మానదు. కాకపోతే అప్పుడు ఒక మనిషిని పంపొద్దని నడిచారు, ఇప్పుడు ఒక కాగితం కోసం నడుస్తున్నారు.

ర్యాలీలో ఉన్న ఆడవాళ్లను గమనించాను. బ్యానరు పట్టుకున్నవాళ్లు కాదు, పక్కన నడుస్తూ తమ ఊరివాళ్లు తప్పిపోకుండా తలలు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు. వాళ్లే సంఘం లీడర్లు. అడగక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

జూన్ 20

నిన్నటి దానికి కొనసాగింపు.

ఆర్డీటీ కట్టించిన ఇళ్లు ఆడవాళ్ల పేరు మీద ఉంటాయి. ఇది చాలామంది రాశారు, రాయాల్సిందే. రాయనిది ఒకటుంది. ఊరికి ఇరవై ఇళ్లే వచ్చి, అడిగేవాళ్లు అరవై మంది ఉంటే ఆ ఇరవై పేర్లు ఎవరు రాశారు? ఊరి కమిటీ. కమిటీలో ఎవరున్నారు? అదే వాడలో, అదే బోద కప్పు కింద ఉన్నవాళ్లు. బత్తలపల్లి వైపు ఒక పెద్దావిడ చెప్పింది: "నా పేరు కడాకు ఏసుకున్న్యా. ముందేసుకుంటే నోట్లో మన్ను పోసేవాళ్లు." ఆ వరసలో ఆమెకు ఇల్లు రావడానికి ఏళ్లు పట్టింది. మొగుడు అన్నేళ్లూ దెప్పాడట. ఇప్పుడు ఆ ఇంట్లోనే కూర్చుని, ఫాదర్ ఇచ్చిన ఇల్లు అంటాడు. డబ్బు అక్కడి నుంచే వచ్చింది, కాదనను. జాబితా రాసి ఊరి తిట్లు తిన్నది మాత్రం ఈమె.

ఇంకో మాట. ఫలానా దాత, ఫలానా వ్యవస్థాపకుడు అని రాయడం మాలాంటి పత్రికలవాళ్లకు సులువు. ఫొటో ఉంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది. నిన్న నేనూ అదే పని చేశాను, పైన ఉంది చూడండి.

జూన్ 28

వాన. రాత్రంతా కాదు, ఒక గంట. అదే చాలని గొర్రు కట్టారు. ఎవరింట్లో చూసినా కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కె-6 రకం బుడ్డలే. 2002 నాటిది, ఇంకా వదల్లేదు. మీటింగు వాయిదా.

జూలై 3

ఆర్డీటీ స్పాన్సర్ ఉత్తరాల సంగతి రాసి పెట్టుకోవాలి. స్పెయిన్‌లో ఒక కుటుంబం, ఇక్కడ ఒక పిల్ల. పిల్ల తెలుగులో రాస్తుంది, బొమ్మ వేస్తుంది. అది ఇంగ్లీషై, స్పానిష్ అయి చేరుతుంది. ఒకామె, ఇప్పుడు నర్సు, చిన్నప్పుడు ప్రతి ఉత్తరంలోనూ "మేము బాగున్నాము, మీరు బాగున్నారా, వానలు పడలేదు" అని రాసేదట. ఒక ఏడాది అటు నుంచి జవాబు వచ్చింది: మా ఊర్లో వానలు మరీ ఎక్కువ, కొంచెం మీకు పంపగలిగితే బాగుండు అని. ఆ కార్డు ఇంకా దాచుకుంది.

ఊర్లో ఈ ఉత్తరాలు రాయించే పని కూడా ఎవరో ఒకరి నెత్తినే పడుతుంది. పిల్లలను పోగుచేయాలి, ఫొటోకు తల దువ్వాలి, బెంగళూరు వలస పోయినవాళ్ల పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోవాలి.

జూలై 6

పీర్ల పండగ. నార్పల దగ్గర గూగూడు కుళ్లాయిస్వామికి జనం పోటెత్తారు. మా లీడరక్కలు కూడా పోయారు. అప్పు వసూలుకు ఇది మంచి రోజు కాదని నవ్వుతూ.

జూలై 13. ముష్టికోవెల

కల్పవల్లి చూడ్డానికి. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర ముప్పై చిల్లర ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదలుపెట్టారు బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల స్నేహితులు. ఆ తర్వాత ముష్టికోవెల పెద్దలు తమ చెరువు సంగతి ఎత్తడంతో పని కొండల మీదికి పాకింది. చెరువుకు నీళ్లు రావాలంటే పైన గుట్టలు పచ్చబడాలి. కల్పవల్లి ఇప్పుడు వేల ఎకరాల ఉమ్మడి భూమి. ఈత చెట్లు, బోద గడ్డి, తోడేళ్లు కూడా.

నన్ను తిప్పి చూపించినాయన మాటల్లో ఎక్కువ భాగం నిప్పు గురించే. ఎండాకాలం ఒక బీడీ చాలు. అందుకే వేసవి ముందు గడ్డి కోసి నిప్పుగీతలు తీస్తారు. మంట లేస్తే ఊరివాళ్లు పచ్చి కొమ్మలు పట్టుకుని ఉరుకుతారు. కాపలాదారుకు జీతం ఉంది. ఉరికే ఊరికి లేదు. ఈత ఆకు, గడ్డి వాళ్లవే కదా అంటారు, నిజమే. అయినా మేకలు లేనివాళ్లు, చీపుర్లు కట్టనివాళ్లు కూడా ఉరుకుతారు. దీనికి నా దగ్గర సిద్ధాంతం లేదు.

గుట్టల మీద గాలిమరలు. వాటికోసం చెక్కిన దారుల గాట్లు ఇంకా మానలేదు. ఉమ్మడి భూమికి కాగితం లేకపోతే ప్రభుత్వ లెక్కలో అది ఖాళీ జాగా. ముప్పై ఏళ్ల చాకిరీకి పట్టా ఎవరిస్తారు?

జూలై 22

ధరణి రైతుల దగ్గర. 2008లో పెట్టుకున్న రైతుల సొంత సంస్థ. కొర్ర, అండుకొర్ర, బుడ్డలు కొని శుద్ధి చేసి అమ్ముతుంది. మందులు కొట్టలేదని రుజువు చేయడానికి బయటి నుంచి తనిఖీదారు రాడు, పక్క రైతులే వచ్చి చేను చూస్తారు. గట్టు మీద ఖాళీ డబ్బా కనపడితే అడగాలి. అడిగితే స్నేహం చెడుతుంది, అడక్కపోతే సంఘం చెడుతుంది. "ఒకసారి మా బామ్మర్ది చేను తీసేసినాం లిస్టులో నుంచి. ఆరు నెలలు మా ఇంటికి రాలేదు" అన్నాడొకాయన. ఇప్పుడొస్తున్నాడా అంటే, "పండక్కి వచ్చినాడు, బువ్వ తినలేదు" అన్నాడు.

ఆగస్టు 8

వరలక్ష్మీ వ్రతం. అక్క ఇంట్లో తాంబూలానికి వచ్చినవాళ్లలో ముగ్గురు కంతు వాయిదా అడిగి పోయారు. పసుపు, కుంకుమ, శనగలు, వాయిదా.

ఆగస్టు 11

పాత కథ రాబట్టాను. 1995లో ఐక్యరాజ్యసమితి సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పేదల సంఘాలు మొదలయ్యాయి. అదే ఏడాది పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ పెత్తనం లేకుండా తమ డబ్బును తామే నడుపుకునే వీలు దానితోనే. టింబక్టు పొదుపు సంఘాలు మహాశక్తి సమాఖ్యగా ఎదిగిందీ ఆ దారిలోనే. 2000లో వెలుగు పథకం. ఆ తర్వాత సూక్ష్మరుణ కంపెనీల మోటారుసైకిళ్లు వారం వారం ఊర్లోకి వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా ఆ గోల.

అక్కకు అవన్నీ ఏళ్లుగా గుర్తులేవు, మనుషులుగా గుర్తున్నాయి. "ఆ మోటారుసైకిలోడు వసూలు చేసేటప్పుడు ఇంటి ముందు కూర్చుండేవాడు, కదిలేవాడు కాదు. మేమూ పోతాం వసూలుకు. కూర్చుంటాం. కానీ కూర్చున్నంక ఆమె బియ్యం ఏరతా ఉంటే మేమూ ఏరతాం." అంతలోనే సర్దుకుంది. "ఊరికే మంచోళ్లమని రాయద్దు. మేమూ తిడతాం."

రాశాను.

ఆగస్టు 18

స్త్రీశక్తి. పదిహేనో తేదీ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ డబ్బు లేదు. పల్లెవెలుగు నిండా వాళ్లే. కండక్టరు సున్నా టికెట్లు కొట్టి కొట్టి విసిగిపోయాడు.

దీంతో జూన్‌నాటి తగువు తలకిందులైంది. సంఘం కోశాధికారి, బహు పొదుపరి, బస్సు చార్జీ పద్దు కొట్టేసింది. ఉన్న ఒక్క ఆదరువూ పోయింది. ఇప్పుడు లీడర్ల చేతికి వచ్చేది అక్షరాలా సున్నా. సేవకు కూలేంటికి అన్న ఆమె కూడా గొణుగుతోంది.

నా మట్టుకు నేను బత్తా ఇవ్వాలనే పక్షం. ఆఫీసు ఉన్న ప్రతి సంస్థలోనూ మేనేజరుకు జీతం, డ్రైవరుకు జీతం, వచ్చి చూసిపోయే సలహాదారుకు విమానం చార్జీ. ఊర్లో పని నడిపే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికే త్యాగం గుర్తొస్తుంది అందరికీ. అక్క ఒప్పుకోదు. బత్తా పెడితే బత్తా కోసం వచ్చేవాళ్లు వస్తారని ఆమె భయం. అదీ తీసిపారేసే మాట కాదు.

ఆగస్టు 24

ఆర్డీటీ హుండీల సంగతి మర్చిపోయాను. "ఇండియా ఫర్ ఇండియా" అని ఇంటింటికీ ఇచ్చిన చిన్న డబ్బాలు. సాయం తీసుకున్న ఇళ్లే తమకన్నా లేనివాళ్ల కోసం చిల్లర వేయాలి. విదేశీ డబ్బుకు కష్టం వచ్చిన ఈ ఏడాది వాటివైపు చూపు మళ్లింది. కాని రూపాయి బిళ్లలతో ఆసుపత్రి నడవదు. నడుస్తుందని చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఫోన్‌పే వచ్చాక ఇళ్లలో చిల్లరే లేదని ఒక లీడరు ఫిర్యాదు.

సెప్టెంబరు 14

సర్వసభ్య సమావేశం. షామియానా కింద మూడు వందల మంది దాకా. ఉగ్గాని, బజ్జీ. మైకు కీచుమంటోంది.

నాలుగో అంశంగా బత్తా వచ్చింది. గంటసేపు అరుపులు. చివరకు మీటింగు రోజుకు 200 రూపాయలు, నెలకు రెండు రోజులకు మించకుండా అని తేల్చారు. రాయబోతుండగా వెనక నుంచి ఒక ముసలామె లేచి, సొంత అప్పు కంతు తప్పిన లీడరుకు బత్తా లేదని కూడా రాయమంది. ముందు వరుసలో అలజడి. చేతులెత్తమన్నారు. ఎత్తారు, తీర్మానం నెగ్గింది. అక్క చెయ్యి కూడా లేచింది.

వానకు విరామం వచ్చి బుడ్డలు గిడసబారాయి, అక్కకే రెండు కంతుల బాకీ ఉంది. తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, నీకు నువ్వే ఎందుకు కోసుకున్నావని.

"ముసలామె చెప్పింది నిజమే కదా. బుడ్డలమ్మినాక కడతాలే. అయినా అది కాదు సంగతి" అని అసలు దిగులు చెప్పింది. వచ్చే నెల పదవుల ఎన్నిక. కోశాధికారి ఈసారి నిలబడనంది. లెక్కలు వచ్చిన ఇంకో మనిషి దొరకాలి. పదో తరగతి పాసైన కోడళ్లు ఇద్దరున్నారు. ఒకామె కియా ఫ్యాక్టరీ బస్సెక్కి పనికి పోతోంది, రెండో ఆమె అత్త ఒప్పుకోవడం లేదు. రాత్రి ఆ అత్త ఇంటికి పోవాలట.