పాదం చెప్పని మాట



ఈ వారం మేము ఒక జత మేజోళ్ళ గురించి రాస్తున్నాము. పాస్టరు గారికి సాక్సులతో పనేమిటని మీరు నవ్వుకున్నా ఫరవాలేదు. షుగరు ఉన్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే మాత్రం చివరిదాకా చదవండి.

మా అమ్మకు 70 దాటాయి. షుగరు వచ్చి 18 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం డాక్టరు గారు ఆమెను కళ్ళు మూసుకోమని, సన్నని నైలాను పోచతో అరికాలి మీద అక్కడక్కడా తాకి, "తెలుస్తోందా అమ్మా?" అని అడిగారు. ఆ పోచను 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారు చేస్తారట. పది చోట్ల తాకితే అమ్మకు మూడు చోట్ల తెలిసింది. మిగతా పాదం మొద్దుబారిపోయింది. ముల్లు గుచ్చుకున్నా, గచ్చు కాలినా ఆ పాదం కబురు పంపదు. "ఇకమీదట ఉత్త కాళ్ళతో నడవకండి" అని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

ఇక్కడే మాకు చిక్కు వచ్చింది. మన పల్లెటూరి మందిరాల్లో చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం. పాస్టరు గారి తల్లి చెప్పులతో లోపలికి వస్తే ఎవరూ ఏమీ అనరు, కానీ ఆమె ఒప్పుకోలేదు. "దేవుని సన్నిధిలోకి చెప్పులతో రమ్మంటావా నాయనా?" అంది. సాక్సులైతే సరేనంది. చెప్పులకు అవి బదులు కావు గానీ, లోపల కూర్చునేంతసేపు ఉత్త పాదం కంటే మేలేనని డాక్టరు గారూ అన్నారు.

బజారులో ఒక జత కొన్నాం. మూడో ఆదివారం ఆరాధన అయ్యాక మా సతీమణి చాప ప్రక్కన గచ్చు మీద చిన్న ఎర్ర మరక చూసింది. సాక్సు తీసి చూస్తే చిటికెన వేలి మీద చర్మం లేచిపోయి ఉంది. సాక్సులో వేళ్ళ దగ్గర అడ్డంగా గట్టులాంటి కుట్టు ఉంటుంది చూడండి, రెండు గంటలపాటు అదే రాసుకుంది. అమ్మ మాత్రం ఆ రెండు గంటలూ హాయిగా పాటలు పాడుతూ కూర్చుంది. ఆ పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది. చిన్న దెబ్బ ఆలస్యంగా చూసుకుని, చివరికి వేలు తీయించుకున్న పెద్దలను మా పరిచర్యలో చూశాం గనుక ఆ ఆరు వారాలు మాకు సరిగా నిద్ర లేదు.

అప్పుడు మా సతీమణి, "అత్తయ్యగారికి నేనే అల్లుతానండి" అంది. ఆమె పుట్టింటివారిది నరసాపురం ప్రక్క పల్లె. ఆ ప్రాంతంలో ఆడపిల్లల చేతికి కొంకి సూది చిన్నప్పుడే వస్తుంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ లేసు పని ఇప్పటికీ ఎన్నో ఇళ్ళకు ఆధారం. నరసాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అయితే లేసు అల్లడం వేరు, సాక్సు అల్లడం వేరు. లేసు బల్ల మీద పరుచుకుంటుంది, సాక్సు కాలికి సరిపోవాలి. దానికి కొంకి సూది చాలదు. నాలుగైదు సన్నని సూదుల మీద గుండ్రంగా, గొట్టంలాగా అల్లాలి. మడమ దగ్గరకు వచ్చాక వరసను సగంలో ఆపి, వెనక్కి తిప్పి, చిన్న గిన్నెలాగా వంపు తేవాలి. ఆమె అల్లేది, టేపు పట్టుకుని కొలతలు రాయడం మా వంతు.

మొదటి జత ఉన్నితో అల్లాం. మెత్తగా ఉంది గానీ మా గోదావరి ఉక్కకు వేళ్ళ సందుల్లో చెమట నిలిచి చర్మం నానిపోయింది. రెండో జత నూలుతో. నూలుకు ఉన్నిలాగా సాగి మళ్ళీ ముడుచుకునే గుణం తక్కువ. అమ్మ పాదం చుట్టుకొలత ఉదయం 9 అంగుళాలు, అంగుళానికి 8 కుట్లు, అంటే 72. సాక్సు జారకుండా ఉండాలని అల్లేవాళ్ళు సుమారు పదో వంతు తగ్గిస్తారు. ఆ లెక్కన 64 కుట్లతో అల్లాం. వేసుకుని చూసి, "హాయిగా ఉంది నాయనా" అంది అమ్మ.

సాయంత్రం తీసి చూస్తే చీలమండ పైన చుట్టూ గాడి. అరగంటైనా ఆ గాడి పోలేదు. అప్పుడు మళ్ళీ కొలిస్తే టేపు తొమ్మిదిన్నర చూపించింది. పొద్దంతా కాళ్ళు వ్రేలాడేసి కూర్చుంటే పాదం వాస్తుంది. అమ్మ నవ్వుతూ, "ఆ ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు అరణ్యంలో నడిచినా కాళ్ళు వాయలేదట. నాకు మందిరం దాకా వెళ్ళొస్తేనే వాస్తున్నాయి" అంది.

మూడో జత మొత్తం 76 కుట్లతో అల్లితే పైన గాడి పడలేదు గానీ అరికాలి కింద మడత పడింది. మొద్దుబారిన పాదానికి బిగువు ఎంత ప్రమాదమో మడత కూడా అంతే ప్రమాదం. దానికీ అమ్మ "హాయిగా ఉంది" అనే అంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు నిజంగానే హాయిగా ఉంది. అందుకని అమ్మను అడగడం మానేసి, ఆమె పాదాన్ని చూడడం మొదలుపెట్టాం. రోజూ ప్రార్థనకు ముందు దీపం దగ్గర కూర్చోబెట్టి అరికాలు, మడమ, వేళ్ళ సందులు చూసేవాళ్ళం. ఎక్కడ ఎరుపు ఉందో అక్కడ బిగువు, ఎక్కడ గీత ఉందో అక్కడ మడత. పుస్తకంలో ఆ పాదం బొమ్మ గీసి గుర్తులు పెట్టాం.

నాలుగో జత ఆ గుర్తులను బట్టి వచ్చింది. కొలతలన్నీ సాయంత్రంవే. పైన 76 కుట్లు, ఎలాస్టిక్ లేదు, రెండు ఎదురు రెండు తిరగవేసిన పట్టీ మాత్రమే. పాదం దగ్గర 68. వేళ్ళ చివర గట్టు రాకుండా రెండు వైపుల కుట్లను మొద్దు సూదితో ఒకదానిలోకి ఒకటి కలిపి ముగించింది. దాన్ని కిచెనర్ కుట్టు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సైన్యానికి మంత్రిగా ఉన్న కిచెనర్ పేరు మీద వచ్చిందది. ఆ యుద్ధకాలంలో స్త్రీలు ఇళ్ళలో కూర్చుని సైనికులకు సాక్సులు అల్లి పంపేవారు. అల్లికలో ఒకవైపు నున్నగా, రెండోవైపు గింజలు గింజలుగా ఉంటుంది. నున్నని వైపు చర్మానికి తగిలేలా అమ్మకు సాక్సును తిరగేసి తొడుగుతాం. దారం తెలుపే వాడాం, రక్తం చుక్క కనబడినా వెంటనే తెలియాలని. ఇప్పటికి ఏడు నెలలు. దేవుని కృపను బట్టి గాడి లేదు, పుండు లేదు.

ప్రియులారా, హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి సమూయేలు దగ్గరకు తీసుకువెళ్ళేది. బిడ్డ ఎదుటలేడు, దేవుని మందిరంలో ఉన్నాడు. అయినా పోయినేటి కొలత ఈ ఏటికి పనికిరాదని ఆ తల్లికి తెలుసు. ప్రేమకు కొత్త కొలతలు కావాలి. పొద్దుటి కొలత సాయంత్రానికే చాలదని అమ్మ పాదం మాకు చూపించింది.

సంఘంలో కూడా "ఎలా ఉన్నారండి?" అని అడుగుతాం. "బాగానే ఉన్నామండి అయ్యగారూ" అంటారు. కొందరు నిజంగా బాగుంటారు. కొందరికి చాలాకాలంగా నొప్పి పడీ పడీ లోపల మొద్దుబారిపోయి ఉంటుంది. భర్త పోయిన సహోదరి, అప్పుల్లో ఉన్న కౌలు రైతు, ఏడవడం మానేసిన పిల్ల. వాళ్ళు దాచిపెట్టడం లేదు, వాళ్ళకే తెలియడం లేదు. అక్కడ మాట చాలదు, దగ్గరగా కూర్చుని చూడాలి. మన ప్రభువు శిష్యుల పాదాలు కడిగినప్పుడు వంగక తప్పలేదు. నిలబడి ఉన్నవాడికి ఎదుటివాడి అరికాలు కనబడదు.

ఈ రాత్రి మీ ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్ళ పాదాలను ఒక్కసారి వెలుతురులో చూడండి. సాక్సు గాడి ఉంటే ఆ సాక్సు మార్చండి. ఎరుపు గాని పుండు గాని కనబడితే ఇంటి వైద్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. వాళ్ళు "నాకేం లేదు, బాగానే ఉంది" అంటారు. అన్నా సరే, చూడండి.

దేవుడు మిమ్మును, మీ ఇంటి పెద్దలను కాపాడును గాక. ఆమేన్.