రేకు మీద పేరుండదు

మా ఇంట్లో తెలుగులో రాసేవాణ్ణి నేనొక్కణ్ణే. రేకు కొట్టేవాళ్ళు ముగ్గురు. మా అబ్బా, మా చాచా, మా తమ్ముడు. డెంటింగ్ పని అంటారు దాన్ని. గుద్దుకుని నలిగిపోయిన కారు రేకుకు లోపలి నుంచి దాలీ ఆనించి, బయటి నుంచి సుత్తితో తట్టి, మళ్ళీ మునుపటి ఒంపుకు తీసుకొచ్చే పని. మౌలాలి గుట్ట కింద పుట్టినవాళ్ళం. తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. అక్కడ చూసి నేర్చిన సుత్తి దెబ్బ అబ్బాకొచ్చింది, అబ్బా నుంచి తమ్ముడికొచ్చింది. నాకు మాత్రం అక్షరం వచ్చింది.

నేను కాలేజీలో తెలుగు పాఠం చెప్తాను. కొత్తగా కలిసినవాళ్ళు నా పేరు విని, నా మాట విని, "మీరు ముస్లిమా? తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!" అంటారు. ముప్పయ్యేళ్ళుగా వింటున్నాను. నా తెలుగు చూసి ఆశ్చర్యపోయే ఈ పెద్దమనుషులే మా తమ్ముడి చేతిలో సుత్తి చూసి అస్సలు ఆశ్చర్యపోరు. సాయిబు అన్నాక మెకానిక్కో, డెంటరో, పంక్చర్ వేసేవాడో కాక మరేమవుతాడన్నట్టు చూస్తారు. నాకు రాకూడనిది వచ్చిందని ఆశ్చర్యం, వాడికి రావలసిందే వచ్చిందని నిర్లక్ష్యం. ఆలోచిస్తే రెండూ ఒకటే అవమానం.

అందుకే ఈసారి నా తెలుగు గురించి రాయను. మా తమ్ముడి పని గురించి రాస్తాను. రెండేళ్ళ కింద ఎండాకాలంలో మా ఇంటి వాకిట్లో వాడు ఒక కాంటెస్సా కారు బానెట్‌కు స్కూప్ పెట్టాడు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను.

వాకిట్లో ఎందుకు చెయ్యాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. నాచారం వైపు మాకో అద్దె షెడ్డుండేది. ఆ జాగా అమ్ముడుపోయింది. ఇంకో షెడ్డు కోసం తమ్ముడు తిరిగిన చోటల్లా మొదట అద్దె చెప్పారు, తర్వాత పేరు అడిగారు, ఆ తర్వాత "ఇంట్లో వాళ్ళతో మాట్లాడి చెప్తాం" అన్నారు. ఇల్లు అద్దెకు వెతికిన ముస్లింలకు ఈ మాట కొత్తది కాదు. షెడ్డుకూ ఇదే మాట అని మాకప్పుడే తెలిసింది. సొంతంగా రేకుల షెడ్డు వేసుకుందామని ఒక బ్యాంకులో లోను అడిగితే, పని వచ్చని కాగితం ఏదన్నారు. ఐటీఐలో షీట్ మెటల్ వర్కర్ అని ఏడాది కోర్సు ఉంది. వాడు చదవలేదు. పన్నెండేళ్ళప్పుడే అబ్బా పక్కన కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ళ పనికి కాగితం లేదు.

అట్లాంటి రోజుల్లో తార్నాక నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ళ నాన్న కొన్న పాత కాంటెస్సా ఉంది. దాన్ని అమెరికా మజిల్ కారు లాగా చెయ్యాలని వాడి కోరిక.

కాంటెస్సాను ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1984 నుంచి 2002 దాకా తయారుచేసిన కారు. ఒళ్ళు ఇంగ్లండు వాక్స్‌హాల్ కంపెనీ పాత మోడల్‌ది. పొడుగాటి ముక్కు, వెడల్పాటి భుజాలు. మొదట్లో దానికి అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీ ఇంజనే పెట్టారు. పహిల్వాను ఒంట్లో ముసలాయన ఊపిరి. తర్వాత ఇసుజు వాళ్ళ 1817 సీసీ ఇంజన్ వచ్చాక గాని దానికి ప్రాణం రాలేదు. అయినా మన దేశంలో మజిల్ కారు అనిపించుకునే ఒడ్డూ పొడుగూ దానికే ఉంది. అమెరికాలో 1964లో పోంటియాక్ జీటీవోతో ఈ పిచ్చి ముదిరింది. 1969లో ఫోర్డ్ మస్టాంగ్‌కు స్కూప్‌ను బానెట్‌కు కాకుండా ఇంజన్‌కే బిగించారు. అది బానెట్ కంతలోంచి తల పైకి పెట్టి ఇంజన్‌తోపాటు వణికేది. షేకర్ అన్నారు దాన్ని.

అబ్బా అంతా విని, "కారుకు ముక్కు పెట్టమంటున్నాడా?" అన్నాడు. నిజమే, అది ముక్కే. ఊపిరి తీసుకునే ముక్కా, ఊరికే కనిపించే ముక్కా అన్నదే తేల్చుకోవాలి.

దీని వెనక లెక్క తమ్ముడు చెప్పాడు. బానెట్ కింద గాలి ఇంజన్ వేడికి మరిగిపోతుంది. మన మేనెలలో బయట 40 డిగ్రీలుంటే లోపల 70 దాకా పోతుంది. వేడి గాలి పలచన, చల్ల గాలి చిక్కన. మూడు డిగ్రీలు తగ్గితే గాలి నూటికి ఒక వంతు చిక్కబడుతుంది. అంటే లోపలి 70 డిగ్రీల గాలికి బదులు బయటి 40 డిగ్రీల గాలి అందితే ఇంజన్‌కు దాదాపు పదో వంతు ఎక్కువ గాలి దొరికినట్టు. దానికి తగ్గట్టు కార్బురేటర్ సరిచేస్తే జోరు పెరుగుతుంది. చాలామంది అనుకునేది వేరు. కారు వేగానికి గాలి దూసుకొచ్చి ఇంజన్‌లోకి ఒత్తుకుపోతుందనుకుంటారు. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో కూడా ఆ ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడిలో నూటికి అర వంతు కూడా పెరగదు. లాభమంతా చల్లదనంలోనే ఉంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడు వాకిట్లో కూర్చుని నాకు చెప్పిన పాఠం ఇది. కాగితం మీద లెక్క వేసి చూశాను. సరిపోయింది.

అసలు బానెట్‌ను కొయ్యనని తమ్ముడు ముందే చెప్పేశాడు. ఆటోనగర్ పాత సామాన్ల దుకాణాల్లో వెతికి ఇంకో కాంటెస్సా బానెట్ తెప్పించాడు. కంపెనీ బానెట్ గోనెసంచుల్లో చుట్టి అటక మీద పెట్టాం. ఎందుకంటే చట్టం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ వాడు చేసిన రూపాన్ని మన ఇష్టమొచ్చినట్టు మార్చి రోడ్డెక్కడానికి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. "షోలో పెట్టుకో, రోడ్డు మీదికి మాత్రం పాత బానెట్‌తోనే పో" అని తమ్ముడు ఆ కుర్రాడితో ఒప్పించుకున్నాకే సుత్తి పట్టాడు. పోలీసు ఆపితే మొదట కారు ఎవరిదని అడుగుతాడు, తర్వాత ఎవరు చేశారని అడుగుతాడు. రెండో ప్రశ్నకు జవాబు ఏ బస్తీలో ఉంటుందో మాకు తెలుసు.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి ముందు అట్టతో స్కూప్ చేశాడు. ఎయిర్ ఫిల్టర్ నెత్తిన బంకమట్టి ముద్ద పెట్టి బానెట్ మూశాడు. తెరిచి చూస్తే ముద్ద ఎంత నలిగిందో అంతే ఖాళీ ఉన్నట్టు. బానెట్ పైరేకుకు కింద అడ్డపట్టీలుంటాయి. బానెట్ బలమంతా వాటిదే. అవి తెగకుండా, నడిమి గీత తప్పకుండా గుర్తు పెట్టాడు. కంత నాలుగు మూలల్లో ముందు డ్రిల్‌తో గుండ్రటి బెజ్జాలు వేశాడు. మూల నిటారుగా కోస్తే అక్కణ్ణుంచే రేకు చీలుతుందట.

స్కూప్‌కు 20 గేజ్ రేకు తీసుకున్నాడు. దాన్ని ఒంచడానికి యంత్రం లేదు. అమ్మీ పాత జీన్స్ ప్యాంటు కాళ్ళు కోసి సంచీ కుట్టింది, అందులో ఇసుక పోశారు. ఆ సంచీ మీద రేకు పెట్టి చెక్క సుత్తితో గుండ్రంగా కొడుతూ పోతే, మధ్యాహ్నానికి చదును రేకు కాస్తా గిన్నె లాగా లోతు తిరిగింది. అబ్బాకు ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనపడవు. రేకును అరచేత్తో నిమిరి, "ఇక్కడ ఎత్తుంది" అనేవాడు. వేలు పెట్టిన చోట నా కంటికి ఏమీ కనిపించేది కాదు. నీళ్ళు చల్లి వెలుతురులో చూస్తే అక్కడే మెరుపు వంకర తిరిగేది.

గ్యాస్ వెల్డింగ్ దగ్గర తమ్ముడు తొందరపడబోతే అబ్బా ఆపాడు. "పత్రే కూ గుస్సా నక్కో దిలా" అన్నాడు. రేకుకు కోపం తెప్పించకు అని. పలచటి రేకు వేడికి ఉబ్బి వంకర పోతుంది, ఒకసారి పోతే తిరిగి రాదు. అందుకే ఇక్కడో చుక్క, అక్కడో చుక్క అతుకుతూ, మధ్య మధ్య తడిగుడ్డ వేస్తూ రెండు రోజులు పట్టించాడు. లప్పం పలచగా ఒక్క పూత వేశాడు. లప్పం మందంగా పెట్టేది పని రానివాడని మా ఇంట్లో మాట. వాటర్ పేపర్ రుద్దడం నా వంతు. వర్షం నీళ్ళు ఇంజన్‌లోకి పోకుండా స్కూప్ కింద రేకు పళ్ళెం పెట్టి, దానికో గొట్టం దించాడు. అమెరికా పుస్తకాలు ఏం చెప్పినా, మన వానకు జవాబు మనమే వెతుక్కోవాలి గదా!

ఈ పనినంతా ఏమని పిలవాలి? మన దేశంలో పనికి పేరుంటే అది కులం పేరవుతుంది. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వాళ్ళకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పటి బీసీ-ఈ జాబితా తీసి చూడండి. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, గారడీ సాయిబులు, హజామ్‌లు, ఖురేషీలు, పత్తర్‌ఫోడులు. ముందు నుంచీ బీసీ-బీలో ఉన్న దూదేకులవాళ్ళు. పేర్లు చాలావరకు పనుల్లోంచి వచ్చినవే. కారు మన ఊళ్ళకు వచ్చి ఎన్నాళ్ళయిందని దానికో కులం పుడుతుంది? మేం ఆ జాబితాలో షేక్‌లుగా ఉన్నాం, పనివాళ్ళుగా లేం. కులం ఇచ్చే అవమానమైతే డెంటర్‌కు వచ్చింది, కులం ఇచ్చే పేరే రాలేదు. ముస్లిం పనివాళ్ళలో నూటికి 61 మంది సొంత పని మీదే బతుకుతున్నారని 2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది. సొంత పని అన్న ఆ ఒక్క మాట కింద ఎన్ని రకాల చేతులున్నాయో లెక్కల్లో కనిపించదు.

మా గుట్ట మీద ఒక చెయ్యి ఉంది. 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, యాకూత్ అనే ఆస్థాన సేవకుడికి కలలో హజ్రత్ అలీ కనిపించాడనీ, నిద్ర లేచి చూస్తే రాతి మీద ఆయన చేతి ముద్ర ఉందనీ చెప్తారు. అప్పట్నుంచీ ఆ చేతి కోసం ముస్లింలూ హిందువులూ కలిసే మెట్లెక్కుతున్నారు. చేతిని గౌరవించడం తెలియని జనం కాదు మనం. గుట్ట మీది చేతికి తల వంచి దిగివచ్చినవాళ్ళకు, గుట్ట కింద సుత్తి పట్టిన చెయ్యి ఎందుకు కనిపించదని నేనడిగేది.

కారు షోకు పోయింది. దాని ఫోటో తిరిగింది. కింద ఓనరు పేరుంది, కారు ఏ సంవత్సరానిదో ఉంది, రంగు పేరు కూడా ఉంది. రేకు కొట్టినవాడి పేరు లేదు. తార్నాక కుర్రాడు చెడ్డవాడు కాదు. అడిగిన డబ్బులు ఇచ్చాడు, ఈద్‌కు వచ్చి అమ్మీ చేతి షీర్‌ఖుర్మా తాగిపోయాడు. పేరు వెయ్యాలన్న సంగతే వాడికి తట్టలేదు. తట్టకపోవడమే అసలు విషయం. బొమ్మ గీస్తే కింద సంతకం ఉంటుంది, కవిత రాస్తే పైన పేరుంటుంది. రేకు మీద పేరుండదు.

పేరు కోసం ఇంత రాద్ధాంతం ఎందుకని మా చాచానే అన్నాడు. పేరుంటే ఇంకో గిరాకీ వస్తుంది. నాలుగు చోట్ల పేరుంటే బ్యాంకు అడిగిన కాగితానికి అదో జవాబవుతుంది. కాగితం ఉంటే షెడ్డు వస్తుంది. షెడ్డుంటే మా తమ్ముడి కొడుకు పన్నెండేళ్ళకు సుత్తి పట్టాలా, బడికి పోవాలా అన్నది వాళ్ళు కూర్చుని తేల్చుకోగలుగుతారు. ఇప్పుడు తేల్చేది వాళ్ళు కాదు.

అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి మొదలుపెట్టాం. ఏ పని చేసినా నేను తెలుగులో బిల్లు రాస్తున్నాను. ఏ రేకు, ఎన్ని గేజులు, ఎన్ని రోజులు, ఏ అతుకు, ఎవరి చెయ్యి. కింద తమ్ముడి సంతకం, గిరాకీ సంతకం. మొదటి బిల్లు కాంటెస్సాదే. ఇప్పటికి ముప్పై దాటాయి. బ్యాంకు వాటిని ఇంకా ఒప్పుకోలేదు. ఫైలు మాత్రం లావవుతోంది.

ఇకమీదట నా తెలుగు బాగుందని ఎవరైనా అంటే నేను ఆ ఫైలు తీసి చూపిస్తాను. నా తెలుగు ఎందుకు పనికొస్తుందో అందులో ఉంది. చదివాక కావాలంటే అప్పుడు మెచ్చుకోండి. మెచ్చుకునేటప్పుడు ఇద్దరినీ మెచ్చుకోండి.